ప్రదర్శనము, ప్రశ్న: భౌతికశాస్త్ర ప్రథమపాఠముల చరిత్రము

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగ స్థిరపడిన తెలుగువారిని గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగ శాసనములను, దేవాలయములను, కవులను, కులవృత్తులను పరిశీలింతురు. అది యుక్తమే. కాని ఈ కుటుంబములలో ప్రతిదినము ఎదురగు చిక్కొకటి పరిశోధకుల దృష్టి నంతగా ఆకర్షించినట్లు కానరాదు. షోలాపురమునందలి పద్మశాలి బాలుడు ఇంట తెలుగు మాటలాడి బడిలో మరాఠీయందు భౌతికశాస్త్రము చదువును. హోసూరు బాలిక తమిళమునందో ఆంగ్లమునందో, బళ్లారి బాలుడు కన్నడమునందు, బరంపురము బాలిక ఒడియాయందు అదే శాస్త్రమును చదువుదురు. బలము, శక్తి, ఊపు అను మాటలకు ఇంట ఒక యర్థము, బడిలో వేరొక యర్థము. ఇట్టి చోట ఉపన్యాసము కన్న ప్రయోగమును చూపుటయే మేలనియు, కంటికి భాషాభేదము లేదనియు పెద్దలు పలువురు చెప్పుదురు. ఈ మాట వినుటకు సొంపుగనే యున్నది. ఇది ఎంతవరకు నిజమో, భౌతికశాస్త్రమును ప్రయోగములతో బోధించిన మూడువందల యేండ్ల చరిత్రను బట్టి విచారించుట ఈ వ్యాసోద్దేశము.

ప్రయోగములు చూపుచు పాఠము చెప్పు పద్ధతి ఐరోపాలో పదునెనిమిదవ శతాబ్ది తొలిపాదమున వేళ్లూనినది. అందు హాలెండు దేశమునందలి లైడెన్ విశ్వవిద్యాలయమునకు ప్రముఖస్థాన మీయవలెను. 1717లో అచట ఆచార్యపదవి స్వీకరించిన విలెం గ్రావెసాండ్ అను పండితుడు న్యూటను సిద్ధాంతములను, గణితమునందు అంతగా గట్టివారు కాని విద్యార్థులకు సైతము తెలియునట్లు, యంత్రములతో చూపసాగెను. యాన్ ముషెన్‌బ్రూక్ అను నేర్పరియైన పనివాడు ఆయనకు పరికరములు చేసి యిచ్చెడివాడు. 1720, 1721 సంవత్సరములలో వెలువడిన గ్రావెసాండ్ పాఠ్యగ్రంథము ఐరోపా యంతట వ్యాపించెను. నాటి పరికరములు పెక్కు నేటికిని లైడెన్ నగరపు వస్తుప్రదర్శనశాలలో భద్రముగ నున్నవి.

ఆయన పేర ప్రసిద్ధమైన పరికరమొకటి మన పాఠశాలలలోను కలదు. పిడిగల యొక లోహపు గుండు, దానికి సరిగా సరిపోవు వలయము. గుండు చల్లగా నున్నప్పుడు వలయములో దూరును. దీపముపై కాచిన పిమ్మట దూరదు. మూడు శతాబ్దములుగ ఉపాధ్యాయులు దీనిని చూపుచునే యున్నారు, బాలురు చూచుచునే యున్నారు. చూచిన బాలుడు 'వేడికి లోహము వ్యాకోచించును' అని వ్రాసి మార్కులు పొందును. అంతటితో పాఠము ముగిసినట్లే. కాని ఆ బాలునే పిలిచి, గుండును విడిచి వలయమును కాచినచో దాని రంధ్రము పెద్దదగునా చిన్నదగునా యని యడిగి చూడుడు. లోహము లోపలివైపునకు గూడ పెరుగును గనుక రంధ్రము చిన్నదగునని పెక్కుమంది చెప్పుదురు. అది సరికాదు. వలయము నొక తీగను వంచి చేసినదిగా భావించినచో, వేడికి తీగ పొడవు పెరుగును. పొడవైన తీగతో చుట్టిన వలయము పెద్దదే కదా! బండిచక్రమునకు ఇనుపకట్టు వేయు కమ్మరికి ఇది చిరపరిచితము. కట్టును ఎఱ్ఱగా కాచి చెక్కచక్రమునకు తొడిగి, నీరు పోయగనే అది బిగిసికొనును. ప్రయోగమును చూచిన బాలునికి తెలియని సంగతి ప్రయోగశాల నెన్నడును చూడని కమ్మరికి తెలిసియుండుట ఆలోచింపదగిన విషయము.

గ్రావెసాండ్ చేసిన మరియొక ప్రయోగము ఇంతకన్న గంభీరమైనది. కదలుచున్న వస్తువునందలి 'సత్తువ'ను ఎట్లు కొలువవలెనని ఆ కాలమున గొప్ప వివాదము చెలరేగినది. బరువును వేగముచే గుణింపవలెనని న్యూటను పక్షమువారును, వేగముయొక్క వర్గముచే గుణింపవలెనని లైబ్నిట్జ్ పక్షమువారును వాదించిరి. గ్రావెసాండ్ మొదట తొలిపక్షము వాడే. 1722లో ఆయన సమానమైన పరిమాణము గల మూడు ఇత్తడి గుండ్లను, బరువులు మాత్రము 1, 2, 3 నిష్పత్తిలో నుండునట్లు చేయించి, మెత్తని బంకమన్నుపై జారవిడిచెను. ఎత్తులు 3, 2, 1 నిష్పత్తిలో నున్నప్పుడు మూడు గుండ్లును సమానమైన గుంటలనే చేసినవి. పడు వస్తువు ఎత్తు దాని వేగవర్గమును బట్టి యుండును. కావున ఫలితము లైబ్నిట్జ్ పక్షమునకు అనుకూలమయ్యెను. గ్రావెసాండ్ తన మతమును మార్చుకొనెను. 1740లో ఫ్రాన్సునందు ఎమిలీ ద్యు షాత్లే అను విదుషి తన పాఠ్యగ్రంథమున ఈ ఫలితమును గైకొనెను.

ఇందొక విశేషము గమనింపుడు. గ్రావెసాండ్ ఆ గుంటలను చూచి మారుటకు కారణము, ముందుగనే ఆయనకొక నిశ్చితమైన అభిప్రాయముండుటయే. 'ఇట్లు జరుగవలెను' అని తలచినవానికే 'ఇట్లు జరుగలేదు' అను ఆశ్చర్యము కలుగును. ఏమియు తలపనివానికి మన్నులో గుంటలు గుంటలే.

మరి యిరువది యేండ్లకు డాలంబేర్ అను ఫ్రెంచి గణితవేత్త ఈ వివాదము మాటలను గూర్చిన వివాదమే యని 1743లో తేల్చివైచెను. రెండు కొలతలును వేర్వేరు, రెండును అవసరమే. నేడు మొదటిదానిని ద్రవ్యవేగమనియు, రెండవదానిలో సగమును గతిజశక్తియనియు పిలుచుచున్నాము. మన పల్లెలలో 'బండి మంచి ఊపుమీద నున్నది' అందురు. ఆ ఊపు ద్రవ్యవేగమా, శక్తియా, బలమా? వ్యవహారమునందు ఆ మూడును కలసియే యున్నవి. ఐరోపా పండితులకే అరువది యేండ్లు పట్టిన విభజనమును పదమూడేండ్ల బాలుడు ఒక పుటను కంఠస్థము చేసి గ్రహించునని ఆశించుట న్యాయమా?

లైడెన్ పద్ధతి ఫ్రాన్సునకు పోయి వినోదముగ మారినది. యాన్ తమ్ముడు పీటర్ ముషెన్‌బ్రూక్ 1746లో విద్యుత్తును నిలువజేయు గాజుకూజాను వెల్లడించెను. అదే లైడెన్ జాడి యని ప్రసిద్ధికెక్కినది. అదే సంవత్సరమున నోలే అను మతగురువు పదునైదవ లూయీ రాజు ఎదుట 180 మంది రక్షకభటులను చేతులు పట్టించి వరుసగ నిలిపి, జాడిలోని విద్యుత్తును వారిగుండ ప్రసరింపజేసెను. అందరును ఒక్కసారిగ ఎగిరిపడిరి. సభ ఆనందించినది. నోలే సమర్థుడైన ఉపాధ్యాయుడే, ఆయన గ్రంథములును మంచివే. అయినను ఆనాడు భటులు నేర్చినదేమో, చూచినవారు నేర్చినదేమో చెప్పుట కష్టము. నేటి విజ్ఞానప్రదర్శనములలో తల వెండ్రుకలు నిక్కబొడుచుకొనజేయు విద్యుద్యంత్రము ముందు చేరు గుంపును చూచినప్పుడు ఆ భటులే జ్ఞప్తికి వత్తురు.

దీనికి ప్రతిగా కోపెన్‌హేగెన్ నగరమున 1820 వసంతమున జరిగిన యొక పాఠమును చెప్పవలెను. ఆయిర్‌స్టెడ్ అను ఆచార్యుడు విద్యార్థుల యెదుట తీగలో విద్యుత్తును ప్రవహింపజేసి, చేరువ నున్న అయస్కాంతసూచి కొంచెము కదలుటను గమనించెను. విద్యుత్తునకును అయస్కాంతమునకును సంబంధము కలదని లోకమునకు తెలిపిన తొలి చలనమది. జూలైలో ఆయన ప్రకటించిన చిన్న పత్రముతో ఐరోపా శాస్త్రజ్ఞులందరు మేల్కొనిరి. నేటి విద్యుత్ మోటారులకు పునాది పడినది. అయితే ఆనాటి శ్రోతల సంగతి యేమి? కదలిక మిక్కిలి స్వల్పమగుటచే శ్రోతల మనస్సులలో అది పెద్దగా నాటుకొనలేదని ఆయిర్‌స్టెడ్ స్వయముగ తరువాత వ్రాసెను. శతాబ్దపు మహాప్రయోగమును కన్నులార చూచినవారికి ఏమియు కనబడలేదు! అట్టి సంబంధ ముండవలెనని యెన్నాళ్లుగనో తలపోయుచున్న ఒక్కనికి మాత్రమే కనబడినది.

ప్రదర్శనమును విద్యగ మార్చిన ఘనత ఇంగ్లండునందలి మైకేల్ ఫారడేకు చెందును. ఆయన కమ్మరి కుమారుడు. పుస్తకములు కుట్టు పనివానివద్ద చాకిరి చేయుచు, కుట్టుటకు వచ్చిన గ్రంథములనే చదివి విద్య నార్జించెను. 1812లో డేవీ ఉపన్యాసములు విని, మరుసటి సంవత్సరము రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడుగ చేరెను. ఆ 1813లోనే ఇరువదియొక్క యేండ్ల యీ యువకుడు ఉపన్యాసకుడు ఎట్లు నిలువవలెను, గది ఎట్లుండవలెను, పరికరములను ఎట్లమర్చవలెను అను విషయములను స్నేహితునికి వరుసగ జాబులు వ్రాసెను. ఇట్టి శ్రద్ధ నేటి బోధనకళాశాలలలో సైతము అరుదు.

1825లో ఆ సంస్థ బాలబాలికలకై క్రిస్మస్ ఉపన్యాసములను ప్రారంభించినది. 1827 మొదలు 1860 వరకు పందొమ్మిది పర్యాయములు ఫారడే వానిని నిర్వహించెను. వానిలో సుప్రసిద్ధమైనది క్రొవ్వొత్తిని గూర్చిన ఆరు ఉపన్యాసములు. చూడుడు, ఆయన ఎన్నుకొన్న వస్తువేదో! లైడెన్ జాడి కాదు, గాలి తోడివేయు యంత్రము కాదు, ప్రతి యింట నున్న క్రొవ్వొత్తి. వెలుగుచున్న క్రొవ్వొత్తిని మెల్లగ ఆర్పి, పైకి లేచు ఆవిరిలో రెండుమూడు అంగుళముల యెత్తున మరియొక నిప్పు పెట్టగనే మంట ఆ ఆవిరి వెంట దిగివచ్చి వత్తిని మరల అంటుకొనును. మండునది వత్తి కాదు, మైనము కాదు, మైనపు ఆవిరి. అచ్చటినుండి ఆవిరి యెట్లు వచ్చె, మైనము వత్తిలోనికి ఎట్లెక్కె, మండిన పిమ్మట క్రొవ్వొత్తి యెక్కడికి పోయె నని ప్రశ్నవెంట ప్రశ్నగ సాగి, నీటి కూర్పు, గాలి గుణములు, తుదకు మన శ్వాస వరకు వచ్చెను. పాఠక్రమ రచన యనగ నిదియే. ఒక ప్రయోగము ముగిసినచోట మరియొకటి మొదలిడుట చాలదు. ముందుదాని ఫలితమున తేలని సందేహమే వెనుకటిదానికి కారణము కావలెను.

మనదేశమున ఈ మార్గమును తొలుత త్రొక్కినవారిలో డాక్టరు మహేంద్రలాల్ సర్కారు ముఖ్యుడు. 1876లో ఆయన కలకత్తాయందు స్థాపించిన భారతీయ విజ్ఞాన పరిషత్తులో ఫాదర్ లాఫోఁ ప్రయోగసహితముగ భౌతికశాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. 1907లో ఉద్యోగరీత్యా కలకత్తా చేరిన చంద్రశేఖర వేంకట రామన్ పరిశోధన సాగించినది ఆ భవనముననే. ఆయనయొద్ద శిష్యరికము చేసిన మన సూరి భగవంతముగారు అనంతరము వాల్తేరున బోధించి, 1957 మొదలు 1962 వరకు బెంగుళూరునందలి భారతీయ విజ్ఞానసంస్థకు అధ్యక్షులుగ నుండిరి.

భాష విషయమున 1906లో హైదరాబాదున వెలసి, 1908లో మదరాసునకు తరలిన విజ్ఞానచంద్రికా మండలి చేసిన సేవ మరువరానిది. దాని సూత్రధారి కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపురమున చదివి మరాఠీయందును వ్యాసములు వ్రాసినవారు. ప్రవాసాంధ్రునికి కలుగు రెండు భాషల చూపే ఆ గ్రంథమాలకు ప్రేరకమయ్యెనని నా నమ్మకము. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు తెలుగున చదువదగిన గ్రంథములుగ వెలువడుట ఆ మండలి చలువయే. ఇక 1918లో హైదరాబాదున నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూభాషలో ఉన్నతవిద్య గరపినది. అచట చదివిన తెలుగు విద్యార్థులకు ఇంటి భాష వేరు, శాస్త్రభాష వేరు. కావున ఈ చిక్కు ప్రవాసాంధ్రులకే పరిమితమైనదని యెంచరాదు.

చూపుట, చెప్పుట అను రెండింటిని విడిచి, చేయుటయే విద్య యని నమ్మిన ప్రవాసాంధ్రు డొకడు కోయంబత్తూరున నుండెను. ఆయన జి. డి. నాయుడుగారు. 1893లో కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున తెలుగు రైతుకుటుంబమున జన్మించిరి. బడిచదువు స్వల్పము. ఆంగ్లేయాధికారి యొకరు ఎక్కివచ్చిన మోటారుసైకిలును చూచి మోహపడి, పట్టణమున హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, ఆ బండినే కొని, ముక్కలు ముక్కలుగ విప్పి మరల కూర్చి యంత్రవిద్యను నేర్చికొనిరని ప్రసిద్ధి. 1920లో పొల్లాచి, పళనిల మధ్య ఒక్క బస్సుతో ఆరంభించి పెద్ద రవాణాసంస్థను నిర్మించిరి. 1937లో విద్యుత్ మోటారును స్వదేశమున తయారుచేయుటలో భాగస్వాములైరి.

1945లో ఆర్థర్ హోప్ పేర కోయంబత్తూరున సాంకేతికవిద్యాలయములు వెలయుటకు నాయుడుగారే ముందు నిలిచి, ఇంజనీరింగు కళాశాలకు అధ్యక్షత వహించిరి. అచట పాఠక్రమమును గూర్చి ప్రభుత్వముతో వారికి అభిప్రాయభేదము కలిగెను. నాలుగేండ్ల చదువు విద్యార్థి కాలమును వ్యర్థము చేయుటయే యనియు, చేతిపనితో కలిపి చెప్పినచో రెండేండ్లు చాలుననియు వారి వాదము. ప్రభుత్వ మంగీకరింపలేదు, వారు పదవిని విడిచిరి. రెండేండ్లు చాలునను లెక్క కొంత అత్యుత్సాహమే యని నా తలంపు. యంత్రమును విప్పినవానికి దాని అమరిక తెలియును; అది పనిచేయుటకు ఆధారమైన సూత్రము దానంతట తెలియదు. అయినను, నాలుగేండ్లలో ఎంతభాగము వినుటకు, ఎంతభాగము వ్రాసికొనుటకు, ఎంతభాగము ఆలోచించుటకు వినియోగమగుచున్నదని ఆయన వేసిన ప్రశ్న నేటికిని జవాబు కోరుచునే యున్నది.

చేయించుట గూడ యాంత్రికము కాగలదనుటకు అమెరికా యొక నిదర్శనము. 1880 దశకము చివర హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎడ్విన్ హాల్ అను ఆచార్యుడు ప్రవేశార్థులు పాఠశాలలో చేసిరావలసిన నలుబది ప్రయోగములను నిర్ణయించెను. ఆ పట్టిక దేశమంతట వ్యాపించి, కొన్నాళ్లకు కొలతల పట్టికలు నింపు తంతుగ మారినది. 1956లో మసాచుసెట్స్ సాంకేతికసంస్థయందు జెరోల్డ్ జకరయాస్ ప్రారంభించిన భౌతికశాస్త్ర పాఠ్యసంఘము ఈ జాడ్యమును వదల్చుటకు పూనుకొన్నది. 1957లో రష్యా కృత్రిమోపగ్రహమును ప్రయోగించిన పిదప దానికి ధనబలము పెరిగెను. 1960లో వెలువడిన వారి పాఠ్యగ్రంథము కాంతిని, తరంగములను ముందుంచి బలమును, చలనమును వెనుకకు నెట్టినది. నీటితొట్టిలో అలలను పుట్టించి కాంతిస్వభావమును ఊహింపజేయుట అందలి అందమైన ఘట్టము. వారు తీసిన చలనచిత్రములలో నొకదానియందు ఇద్దరు ఆచార్యులు ఎదురెదుర నిలిచి, నీవు తలక్రిందులుగ నున్నావన నీవే తలక్రిందులుగ నున్నావని వాదులాడుకొందురు. నవ్వు వచ్చును, నవ్వు ముగియులోపల 'ఎవరు నిలువుగ నున్నట్లు?' అను ప్రశ్న మనస్సులో నాటుకొనును. నోలే వినోదమునకు, దీనికి గల భేదమదియే.

మనదేశమున 1972లో మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాలో పదునారు మాధ్యమికపాఠశాలలలో మొదలైన విజ్ఞానబోధనోద్యమము ఇంతకన్న మనకు దగ్గరిది. కిశోర్ భారతి, రసూలియాయందలి మిత్ర గ్రామీణకేంద్రము దానిని నడిపినవి. 1978లో జిల్లా యంతటికి వ్యాపించినది. 1982 నుండి ఏకలవ్య సంస్థ దాని భారమును వహించినది. బాలురు చిన్న గుంపులుగ కూర్చుండి చౌకవస్తువులతో తామే ప్రయోగము చేసి, ఫలితమును తమ మాటలలో వ్రాయుదురు. పుస్తకమున జవాబులు లేవు, ప్రశ్నలే యున్నవి. పరీక్షలో పుస్తకమును తెరచుకొనవచ్చును. సవాలీరామ్ అను కల్పితవ్యక్తికి బాలురు తమ సందేహములను జాబులుగ వ్రాసెడివారు. 2002లో రాష్ట్రప్రభుత్వము ఈ కార్యక్రమమును నిలిపివేసినది. ముప్పదియేండ్లు ప్రభుత్వపాఠశాలలలో నిలిచిన ప్రయత్నము ఒక్క నిర్ణయముతో ఆగిపోవుట శోచనీయము.

ఇంతవరకు చెప్పినదంతయు అనుభవము, అభిప్రాయము. కొలత యేది? అది 1985 ప్రాంతమున అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమునందు ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనిస్ అనువారి కృషితో ప్రారంభమైనది. వారు లెక్కలతో పనిలేని సామాన్యప్రశ్నలను వేసిరి. అట్టి ప్రశ్నను మన షోలాపురమునకు తగినట్లు ఇట్లు చెప్పవచ్చును: మగ్గముపై తాడు లాగగనే నాడె ఈ కొననుండి ఆ కొనకు పరువెత్తును. నడుమదారిలో దానిని ముందుకు తోయుచున్న బలమేది? 'చేతి బలము నాడెలో ఎక్కియున్నది' అని బాలుడు చెప్పును. అతని తండ్రియు అట్లే చెప్పును. న్యూటను నియమము ప్రకారము ముందుకు తోయు బలమేదియు లేదు. కదలుచున్న వస్తువు అడ్డు లేనంతవరకు తనంతట కదలుచునే యుండును. ఇట్టి ప్రశ్నలలో కళాశాల విద్యార్థులు సైతము చదువునకు ముందెట్లో తరువాతను ఇంచుమించు అట్లే జవాబు లిచ్చిరి.

1990లో హార్వర్డు ఆచార్యుడు ఎరిక్ మజూర్ తన శిష్యులకిది వర్తింపదను ధీమాతో ఆ పరీక్షనే పెట్టెను. ఒక విద్యార్థిని లేచి, మీరు చెప్పినట్లు వ్రాయవలెనా, నేను నిజముగ తలంచునట్లు వ్రాయవలెనా యని యడిగినదట. ఆ బాలిక మనస్సులో రెండు భౌతికశాస్త్రములు ప్రక్కప్రక్కన కాపురము చేయుచున్నవి. రెండింటికిని ఎన్నడును మాటలు కలియలేదు. 1998లో రిచర్డ్ హేక్ 62 తరగతులలోని 6,542 మంది విద్యార్థుల ఫలితములను పోల్చెను. పాఠమునకు ముందు తెలియనిదానిలో, ఉపన్యాసపద్ధతిన చదివినవారు సగటున నూటికి 23 పాళ్లు మాత్రమే నేర్చిరి. చర్చతో, ప్రశ్నోత్తరములతో చదివినవారు 48 పాళ్లు నేర్చిరి.

ప్రదర్శనమును గూర్చిన నేరైన పరీక్ష 2004లో మజూర్, ఆయన సహచరులు ప్రకటించినది. ఒకే ప్రయోగమును నాలుగు విధములుగ నడిపిరి. కొందరికి అసలు చూపలేదు. కొందరికి వాడుకగ చూపి వివరించిరి. కొందరిచే ఏమి జరుగునో ముందుగ వ్రాయించి, పిదప చూపిరి. కొందరిచే వ్రాయించి, చూపి, చర్చయు చేయించిరి. తరువాతి పరీక్షలో అట్టి ప్రయోగముననే ఏమి జరుగునో సరిగా చెప్పినవారు వరుసగ నూటికి 61, 70, 77, 82. ఎందుకు జరుగునో సరిగా చెప్పినవారు 22, 24, 30, 32. రెండవ వరుసను నిదానముగ చూడుడు. అసలు చూడనివారికి 22, చూచినవారికి 24! మూడు శతాబ్దముల ప్రదర్శనవిద్యకు ఈ రెండంకెలు పెట్టిన పరీక్ష కఠినమైనది. ముందుగ ఊహించి వ్రాయుటకు పట్టిన అదనపు కాలము రెండు నిమిషములు. ఆ రెండు నిమిషములు 24ను 30 చేసినవి. అయితే చర్చించినవారిలో సైతము మూడింట రెండు వంతులమంది కారణమును చెప్పలేకపోయిరను సంగతిని దాచరాదు. ఒక్క ప్రదర్శనము, ఎంత చక్కగ నడిపినను, చాలదు. అదే సూత్రము వేరొక వస్తువున, వేరొక నాడు మరల ఎదురు కావలెను.

కావున కంటికి భాష లేదనుట సగము నిజమే. కన్నునకు భాష లేకపోవచ్చును. ఊహకు భాష కలదు. బాలుడు 'ఇట్లు జరుగును, ఏలయన' అని తనలో తాననుకొను మాట ఇంటిమాట. ఆ 'ఏలయన' లేనిదే ప్రయోగము గుంటలు పడిన బంకమన్నే. ప్రవాసాంధ్ర బాలుడు ఊహించునది తెలుగులో. బడిలో అడుగు ప్రశ్న మరాఠీలోనో తమిళములోనో యుండును. అతడు బడిభాషలో పుస్తకపు జవాబు చెప్పి ఊరకుండును. ఇంటి ఊహ బయటపడదు, గనుక సరిదిద్దబడదు.

పారిభాషికపదములు ఈ చిక్కును ఇనుమడింపజేయును. తెలుగు పాఠ్యపుస్తకమున శక్తి యనగ పనిచేయగల గుణము, సామర్థ్యమనగ కాలమును బట్టి పనిచేయు రేటు. కన్నడమునను ఇంతే, బళ్లారి బాలునికి బాధ తక్కువ. ఒడియాలోను బలము, శక్తి యను మాటలు మనవే. మరాఠీలో మొదటిది ఊర్జ. శక్తి యనగ రెండవది! షోలాపురపు బాలునికి అన్న తెలుగుపుస్తకము చదివి చెప్పిన శక్తియు, గురువు చెప్పిన శక్తియు ఒకటి కావు. ఒకే అక్షరములు, ఒకే ధ్వని, వేరర్థము. తమిళములో బలము విసై, శక్తి ఆట్రల్. అచట మాట పూర్తిగ క్రొత్తది గనుక మోసమైనను లేదు. తెలిసిన మాట చేయు మోసము తెలియని మాట చేయలేదు.

తెలుగు సంఘములు ఆదివారములందు తెలుగు నేర్పుచున్న చోట్ల వాచకము, పద్యము, పండుగలు ప్రధానముగ నుండుట సహజము. నెలకొక్క ఆదివారము ఒక గంట దీనికి కేటాయించిన చాలును. సంఘములు కొనవలసిన యంత్రములు లేవు. కుమ్మరి మన్ను, మూడు గుండ్లు, క్రొవ్వొత్తి, ఒక బ్యాటరీ, తీగ, దిక్సూచి. కావలసినది ఒక చిన్న ప్రశ్నల పుస్తకము. అందు ప్రతి ప్రశ్నయు ఇంటి తెలుగున నుండవలెను. ప్రక్కన ఆ రాష్ట్రభాషలోని పాఠ్యపదములను, ఎచ్చట అర్థము మారునో అచ్చట హెచ్చరికతో ముద్రింపవలెను. షోలాపురపు ప్రతిలో నాడె, బరంపురము, యానాం ప్రతులలో పడవ, బళ్లారి, కృష్ణగిరి ప్రతులలో ఏతము ఉదాహరణములుగ నుండనిండు. జవాబులను ముద్రింపరాదు. దీనిని వ్రాయుటకు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు ప్రతి పట్టణమునను కలరు.

మొదటి పాఠమునకు గ్రావెసాండ్ వలయమే తగినది. గుండు వలయములో దూరుటను చూపి, గుండును కాచి దూరకుండుటను చూపి, అంతటితో ఆపవలెను. పిమ్మట గుండును చల్లార్చి ప్రక్కన పెట్టి, వలయము నొక్కదానినే కాచినచో రంధ్రమేమగునని తెలుగున నడుగవలెను. పెద్దదగుననువారు, చిన్నదగుననువారు, మారదనువారు వేరువేరుగ చేతులెత్తవలెను. ప్రతి పక్షమునుండి ఒకరు లేచి కారణమును తన యింటిమాటలలో చెప్పవలెను. కమ్మరివీథి చూచిన పిల్లవాడుండిన అతనిని చివర పిలువుడు. ఉపాధ్యాయుడు అంతవరకు నోరు విప్పరాదు. వలయమును దీపముపై పెట్టుట ఆ తరువాతనే.